పునరావాస కాలనీ కట్టబోయే సారుకు కొన్ని సలహాలు

సార్, ముంపు ఊళ్లవాళ్లకు మా చిలమకూరు పక్కన కాలనీ వేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనుకుందాం. ముందు స్థలం. చదునుగా, చౌకగా, ముళ్లచెట్లు తప్ప పైరు లేని చోటే తీసుకోండి. అంత మంచి చోటు ఇన్నాళ్లూ ఎందుకు ఖాళీగా పడుందని మాత్రం ఊళ్లో అడగొద్దు. అడిగితే ఏ గొర్రెల కాపరో కర్ర చాచి, "ఈడ వంక పారతాది సారూ, పదేండ్లకో తూరి" అంటాడు. కరువు సీమలో వరదేంటని నవ్వేయండి. మ్యాపులో లేని వంక లేనట్టే.

2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నీళ్లు పులపత్తూరు, మందపల్లి మీద పడ్డాయని, అదే నెలలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిందని ఎవరైనా గుర్తుచేస్తే, "అది చెయ్యేరు, అది పాపాఘ్ని, మనది పెన్నా" అనండి.

ముంపు ఊళ్లు ఖాళీ చేయించడానికి నోటీసు కంటే నీళ్లు చురుగ్గా పనిచేస్తాయి. 2020లో గండికోట జలాశయం నీళ్లు తాళ్లప్రొద్దుటూరులోకి వచ్చేనాటికి జనం ఇంకా అక్కడే ఉన్నారు.

హెచ్చరిక ఎప్పుడూ క్యూసెక్కుల్లోనే ఇవ్వాలి. మైలవరం డ్యాం గేట్లెత్తితే నీళ్లు మోకాలిదాకా వస్తాయా, మిద్దెదాకా వస్తాయా అని ప్రొద్దుటూరు వైపు ఏటిగట్టు జనం అడుగుతారు. చెప్పొద్దు. వాట్సాప్ గ్రూపులో పెట్టి చేతులు దులుపుకోండి. గుడి మైకు, మసీదు మైకు జోలికి పోవద్దు, వాటిల్లో చెబితే అందరికీ వినబడుతుంది.

ఇళ్లకు రేకులు వేయించండి. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద పసిబిడ్డను పడుకోబెట్టలేక తల్లి చీర ఉయ్యాల తీసుకుపోయి వేపకొమ్మకు కడుతుంది. అందుకని లేఅవుట్ వేసేటప్పుడే వేపచెట్లు కొట్టించేస్తే గీతలు వంకరపోవు.

ఇక నీళ్లు. శిబిరాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, 250 మందికో కుళాయి అని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఒకటుంది. దాన్ని కాలనీకి మాత్రమే కట్టండి. కొత్తవాళ్లకు ట్యాంకరు, పాత ఊరికి ఎండిన బోరు. ఇది నా సలహాలన్నిట్లో గట్టిది. ఒకసారి బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నాక, ఇరువైపుల వాళ్లూ కలిసొచ్చి మిమ్మల్ని వంక సంగతి అడగరు. వంక దారి తెలిసింది పాత ఊరికి, నీళ్లు ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో తెలిసింది కొత్తవాళ్లకు. ఈ రెండు తెలివిడులూ ఒక అరుగు మీద కూర్చున్నాయా, మీ ఫైలు పని అయిపోయినట్టే.

ఇంకా భయముంటే మధ్యలో ముళ్లకంచె వేయించండి. 2021 మార్చిలో బంగ్లాదేశ్ కాక్స్ బజార్‌లో రోహింగ్యాల శిబిరం తగలబడినప్పుడు కంచె దాటలేక జనం చిక్కుకుపోయారట. మనకేం, కంచె మాత్రం గట్టిదని తేలింది కదా.

మాక్ డ్రిల్ తప్పదు. మొగోళ్లంతా నాపరాయి గనులకు, సిమెంటు ఫ్యాక్టరీకి పోయిన పొద్దున పెట్టించండి. మంచం పట్టినవాళ్లను, చూపు ఆననివాళ్లను పిలవొద్దు, ఫొటో చెడుతుంది. పరుగెత్తగలిగిన బడిపిల్లలు చాలు. మీ బదిలీ ఉత్తర్వు వచ్చేలోపే కానిచ్చేయండి.