రెండో చెయ్యి

వెదురు బద్దలు అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా బిగించి, దానిమీద తారు పూస్తే నేను పుట్టాను. మా పాతవాళ్లకు పట్టా బదులు తోలు ఉండేదట. పెన్నాగరం నుంచి ఘాటు దిగితే వచ్చే హొగెనకల్ రేవులో, కావేరి మీద జనాన్ని తిప్పే పుట్టిని నేను. నాకు ముందూ వెనకా లేవు, తెడ్డు ఎటు లాగితే అదే ముందు. తెడ్డు ఒకటే గానీ దానికి చేతులు రెండూ కావాలి.

నన్ను నడిపే ఆయన ఇంట్లో తెలుగు, రేవులో తమిళం, బెంగళూరు వాళ్లొస్తే కన్నడం మాట్లాడతాడు. ఫోన్ కొన్నది పనికోసమే. కర్ణాటక నుంచి దిగే నీటిని పైన బిలిగుండ్లులో కొలుస్తారు. క్యూసెక్కులు పెరిగాయంటే కలెక్టరు ఉత్తర్వు వస్తుంది, మమ్మల్ని ఒడ్డున బోర్లించేస్తారు. 2024 జులై ఆఖర్లో ప్రవాహం లక్ష దాటింది. అందుకే పొద్దున్నే ఆ అంకె తెలియాలి. చూడ్డానికి అర నిమిషం చాలు. కానీ అంకె కింద వరద వీడియో, దాని కింద సినిమా ముక్క, ఆ కింద ఎవరో ఎక్కడో దోసె పోస్తుంటారు.

"అంకె చూసేదానికి ఇంతసేపా?" అని రేవులో చేపలు వేయిస్తూ ఆయన భార్య అరిచేది.

"నీళ్లు చూస్తా ఉండానే" అనేవాడు, ఏటికి వీపు పెట్టి.

ఒకసారి నడి ఏట్లో ఫోన్ గుర్రుమంది. చెయ్యి జేబులోకి పోయింది. సుడి నన్ను గిర్రున తిప్పి బండకేసి రాసింది. ఎక్కినవాళ్లు అదీ వేడుకే అనుకుని కేకలు పెట్టారు. నా తారు పగిలి, లోపలికి నీళ్లు ఊరాయి.

ఆ రాత్రే ఫోన్ భార్య చేతికి పోయింది, ఆయన జేబులోకి బటన్ల ఫోన్ వచ్చింది. టిప్పులిచ్చే క్యూఆర్ కాగితం ఆమె ఖాతాకు మారింది. ఈ మార్పును ఆమె చాలా సంతోషంగా ఒప్పుకుంది.

నాలో కూర్చున్నవాళ్ల మాటలు నాకు ఊరికే తెలుస్తాయి. ఫోన్ వదల్లేనివాళ్ల కోసమే బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014లో 'షట్' అనే క్లినిక్ పెట్టారని ఒక కుర్రాడు చెప్పాడు. ఎంత జరిపినా పేజీ అడుగు రాని ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన చేశాడట, తర్వాత తానే నొచ్చుకున్నాడట. ఇది చెబుతున్నంతసేపూ ఆ కుర్రాడి బొటనవేలు తెర మీద ఆడుతూనే ఉంది.

ఫోన్ ఇచ్చెయ్యడం ఒక్క పూట పని. వంతు కోసం ఉత్త చేతులతో కూర్చోవడం ఆయనవల్ల కాలేదు. జేబు తడుముకునేవాడు, పక్కవాళ్లతో తగువు పెట్టుకునేవాడు, నాలోనే ముడుచుకుని నిద్రపోయేవాడు. విసుగు ముదిరిన ఒక మధ్యాహ్నం తారు కాచి నా పగుళ్లు పూడ్చాడు. మర్నాడు సడలిన బద్దలు బిగించాడు. నాకింత సేవ ఎన్నడూ జరగలేదు. మెల్లగా కళ్లు ఏటి మీదికి మళ్లాయి. నురగ ఒకచోటే తిరుగుతుంటే కింద బండ ఉన్నట్టని ఆయనకు తెలియనిది కాదు, చూడడమే మానేశాడు. ఇప్పుడు దూరం నుంచే పసిగట్టి నన్ను పక్కకు లాగుతున్నాడు.

బిలిగుండ్లు అంకె మాత్రం తప్పదు కదా. "ఎంతప్పా ఈ పొద్దు?" అని పక్క పుట్టివాణ్ణి అడుగుతాడు. వాడు ఫోన్ తీస్తాడు. మేం ఒక ట్రిప్పు వేసుకుని వచ్చేసరికి కూడా వాడింకా చెప్పి ఉండడు.