కొట్టుకాయ కూడా పడితే?
(టీకా తాత్పర్య సహితం)

అవతారిక: తెలుగు, మరాఠీ సీమల సరిహద్దు ఊరు సిరొంచలో ముసురు పట్టిన సాయంత్రం. టీకొట్టు వెనక గదిలో క్యారమ్ బోర్డు. నడిమి ఎర్రకాయను ఒకడు రెడ్డు అంటాడు, ఎదుటివాడు రాణీ అంటాడు. ఒకడికి కాయిన్, ఇంకొకడికి సోంగటి. ఒకే బోర్డు మీద తెలుగూ మరాఠీ కలిసి తిరిగినా పేర్ల దగ్గర పేచీ ఎన్నడూ రాలేదు. వచ్చిందల్లా ఫౌల్ దగ్గరే. అట్టి ఘోర సమయంలో పుట్టినదీ ఆటవెలది. కవి పేరు చెప్పుకోలేదు. ఆ పూట గెలిచినవాడై ఉంటాడు.

మూలం:
ఆ. గోటితోడఁ గొట్ట గోతిలోఁ బడె రెండు
కాయ వెంటఁ గొట్టుకాయ దూకె
ఒకటి తీసి పెట్టుమొక్కటి ఫైనుగా
తగవు మాని యాడఁ దగును మీకు

ప్రతిపదార్థం: గోటితోడన్ = చూపుడువేలి గోటితో; కొట్టన్ = కొట్టగా; గోతిలోన్ = పాకెట్‌లో; రెండు = రెండునూ; పడెన్ = పడినవి; కాయ వెంటన్ = తన కాయిన్ వెనకాలే; కొట్టుకాయ = స్ట్రైకర్; దూకెన్ = దూకినది; ఒకటి = పడిన ఆ కాయను; తీసి పెట్టుము = వెనక్కి తీసి బోర్డు మీద పెట్టుము; ఒక్కటి = మరొకటి; ఫైనుగా = జరిమానాగా (పెట్టుము); తగవు మాని = దీని అర్థం ముందు చెప్పబడును; మీకు = ఆటగాళ్లకు; ఆడన్ తగును = ఆడుట తగును.

తాత్పర్యం: స్ట్రైకర్ ఒక్కటే పడితే ఒక కాయ ఫైన్ కట్టాలి, చాన్స్ కూడా పోతుంది. తన కాయతోపాటు పడితే ఆ కాయా, ఫైన్ కాయా రెండూ బోర్డు మీదికి రావాలి. వాటిని ఎదుటివాడే పెడతాడు. చాన్స్ మాత్రం కొట్టినవాడిదే.

పూర్వపక్షం: “ఫౌల్ చేసినోనికి మళ్లా చాన్స్ ఎట్లిస్తవే?” అని ఎదుటివాడి గర్జన.

సిద్ధాంతం: కాయ పడటం ఒక పద్దు, స్ట్రైకర్ పడటం వేరే పద్దు. కాయ వేసినందుకు చాన్స్ దక్కింది. స్ట్రైకర్ పోగొట్టినందుకు అప్పు మిగిలింది. అప్పున్నవాడు అంగడి మూయనక్కర లేదు. దీనికి సాక్షి గోదావరికి అవతలి కాళేశ్వరంలోనే ఉంది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: యముడి పేర కాళేశ్వరుడు, శివుడి పేర ముక్తేశ్వరుడు. శిక్షా విడుదలా ఒకే పీఠం మీద కూర్చున్నప్పుడు ఫైనూ చాన్సూ ఒకే దెబ్బలో ఇమడవా?

విశేషాలు:
1. కాయ అంచు మీద నిలబడిపోయిందనుకోండి. ఒకసారి నా కళ్లముందే ఒక నల్లకాయ పాకెట్ అంచున, పౌడర్‌లో గీత గీసుకుంటూ వచ్చి, నిలువుగా ఆగిపోయింది. ఆరుగురం ఊపిరి బిగబట్టాం. ఒకడు ఊదబోతే ఇంకొకడు వాడి నోరు మూశాడు. పోటీల నియమం: ఎలా నిలిచిందో అలాగే ఉంచాలి.
2. కాయ ఎగిరి టీగ్లాసులో పడితే? బోర్డు దాటిన కాయ తిరిగి నడిమి వృత్తానికి రావాలి. టీ ఎవరిదన్న ప్రశ్న శాస్త్రానికి అవతలిది. అయినా మొదట లేచేది అదే.
3. పూల్ బల్ల మీద తెల్లబంతి పాకెట్‌లో పడితే ఈ దయ లేదు. రంగుబంతి పడినా చాన్స్ పోతుంది, ఎదుటివాడు తెల్లబంతిని చేతబట్టుకొని తనకు నచ్చినచోట పెట్టి ఆడతాడు. ఆ బల్లల వంశానికీ మనకూ చుట్టరికం లేకపోలేదు. నిజాం 1860లో వదులుకున్న ఈ సీమకు సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఉండేది. 1874లో అందులోని సిరొంచ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సుల్లోని చాందా జిల్లాలో కలిసింది. ఆ మరుసటి ఏడే, 1875లో, అవే ప్రావిన్సుల్లోని జబల్పూరులో సైనికాధికారులు స్నూకర్ మొదలుపెట్టారంటారు. ఆట ముందు పుట్టింది; నియమాలు 1882లో గాని ఊటీ క్లబ్బులో గోడకెక్కలేదు. మధ్య ఏడేళ్లు దొరలు కూడా మనలాగే అరుచుకొని ఉంటారు.

‘తగవు’ శబ్ద విచారం: నేటి వాడుకలో తగవు అంటే జగడం. పాతకాలపు తెలుగులో న్యాయం కూడా. తీర్పు చెప్పేవాడు తగవరి. కనుక ‘తగవు మాని’ అంటే జగడం మానమన్నాడా, న్యాయం మానమన్నాడా? గెలిచేవాడు మొదటి అర్థం తీస్తాడు. ఓడేవాడు రెండోది నిజమని మొత్తుకుంటాడు. నా మతం వేరు. జగడం న్యాయానికి ముడిసరుకు. అది ఆట నడుమ లేస్తే కడుపులో కాయల లెక్క ఉంటుంది. ఆటకు ముందే లేస్తే న్యాయమై కూర్చుంటుంది. ఎవరి కాయ ఎక్కడ పడుతుందో ఇంకా ఎవరికీ తెలియదు గనుక అప్పుడు అందరూ ధర్మరాజులే. అందుకే ఒడ్డు మారినప్పుడు ముందుగా అడగవలసిన మాట ఒక్కటే: “మీ తాన ఫైనుకు చాన్స్ ఉంటదా, పోతదా?”

ఫలశ్రుతి: పౌడర్ చల్లకముందు ఈ పద్యం చదివినవారికి కరెంటు పోయేలోపు ఆట ముగుస్తుంది. చల్లాక చదివినవారికి ఇంకో టీ అవుతుంది.