ఏడు నంబర్ల గోడ

ఫర్నేసు గోడలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం అది. గోడను 20 లక్షల గడులుగా కోసి, గడిగడికీ ఉష్ణోగ్రత లెక్కిస్తుంది. 'సీ'లో రాసిన పెద్దాయన రిటైరై చాలాకాలమైంది. దాన్ని ఈ కాలానికి తగ్గట్టు మార్చమని నా చేతిలో పెట్టారు.

తెరిచి చూస్తే ఫంక్షన్ పాయింటర్లు. ఉక్కు, రాగి, ఫైర్‌బ్రిక్... మొత్తం ఏడు పదార్థాలు. వేడెక్కేకొద్దీ ఒక్కోదాని ఉష్ణవాహకత ఒక్కోలా మారుతుంది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ఫంక్షను. ఆ ఏడింటి అడ్రసులూ ఒక పట్టికలో ఉంటాయి. గడిలో మాత్రం ఆ పట్టికలో ఎన్నోదో చెప్పే ఒక బైటు అంకె, అంతే. ఉష్ణోగ్రత తప్ప ఆ ఫంక్షన్‌కి ఇంకేమీ అందించే దారి లేదు. మిగతా వివరాలన్నీ గ్లోబల్ వేరియబుల్స్‌లో పడేశారు. 1988లో వచ్చిన 'న్యూమరికల్ రెసిపీస్ ఇన్ సీ' చదివి చేయి తిరిగినవాళ్ల అలవాటు ఇది. ఆ పుస్తకం కూడా 2007 నాటి మూడో కూర్పులో ఫంక్టర్లకు, అంటే ఫంక్షన్‌లా పిలవగలిగే ఆబ్జెక్టులకు, మారింది. పెద్దాయన మారలేదు.

నా గొడవంతా ఆ గ్లోబల్స్‌తోనే. రెండు ఫర్నేసుల లెక్క ఒకేసారి నడిపితే ఒకదాని ఇటుక వివరాలు రెండోదాంట్లోకి వచ్చిపడేవి.

ఆరు నెలలు కూర్చుని 'సీ++'లో తిరగరాశాను. 'గడి' అని ఒక బేస్ క్లాసు, దాని కింద పదార్థానికొకటి చొప్పున ఏడు క్లాసులు, అన్నిటికీ ఉష్ణవాహకత చెప్పే వర్చువల్ ఫంక్షను. పని పూర్తయ్యాక మీటింగు పెట్టారు. ఆ పెద్దాయన్నీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"ఫంక్షన్ పాయింటరంటే గోడ మీద రాసుకున్న వంటమేస్త్రి ఫోన్ నంబరు," అని మొదలుపెట్టాను. "పిలిస్తే వస్తాడు. కానీ గరిటె మనదే, గిన్నె మనదే, ఉప్పెంతో మనమే చెప్పాలి. ఆబ్జెక్టంటే వంటమేస్త్రే మన ఇంట్లో మకాం పెట్టడం. సామానంతా ఆయన దగ్గరే ఉంటుంది, ఎవరికెంత ఉప్పో ఆయనకే గుర్తుంటుంది."

చప్పట్లు కొట్టారు. చివరి స్లైడు మీద పెద్ద అక్షరాలతో వేశాను: 'ఫంక్షన్ పాయింటర్లు: నిన్న 7, నేడు 0'. మెమరీ పెరిగిందనీ, నడక కాస్త మందగించిందనీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నాలుగంచెల రుంగె-కుట్టా పద్ధతిలో కాలం ఒక్క అడుగు వేస్తే గడికి నాలుగుసార్లు, అంటే 80 లక్షల సార్లు ఆ ఫంక్షన్‌ని పిలవాలి మరి. కొత్త సంసారం అన్నాక ఆమాత్రం ఖర్చుండదా!

కాఫీల దగ్గర పెద్దాయన నా పక్కకొచ్చారు. "బాగా చెప్పావు నాయనా. ఒక్క గడిని విప్పి చూపిస్తావా?"

డీబగ్గర్‌లో ఒక గడిని తెరిచాను. ఉష్ణోగ్రత, కొలతలు, అన్నీ నేను పెట్టినవే. వాటన్నిటికంటే పైన, నేను రాయని 8 బైట్లు.

"ఇదేమిటి?"

"వీపీటీఆర్ సార్. కంపైలరే పెట్టుకుంటుంది."

"దేనికి?"

"వర్చువల్ ఫంక్షన్ల పట్టిక ఎక్కడుందో తెలియడానికి."

"ఆ పట్టికలో ఏముంటాయి?"

కాఫీ తాగాను. కప్పు ఖాళీ.

"సీ++ సృష్టించిన స్ట్రౌస్ట్రప్ మొదటి కంపైలరు, సీఫ్రంట్ అనేవాళ్లం, ఈ వర్చువల్ ఫంక్షన్లను ఎందులోకి మార్చేదో తెలుసా? సీలోకే. ఇలాంటి పట్టికలు కట్టే."

తెలుసు. ఫంక్టర్‌ని టెంప్లేట్‌కి ఇచ్చి ఉంటే కంపైలరు ఆ లెక్కను అక్కడికక్కడే కలిపేసే వీలుండేదనీ, అప్పుడు పాయింటరుతో పనే ఉండేది కాదనీ కూడా తెలుసు. ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు.

ఆయన పేపరు కప్పు మీద గుణకారం వేశారు. 20 లక్షలు, 8 బైట్లు. 1 కోటి 60 లక్షలు. నా స్లైడు అడుగున ఉన్న చిన్న అక్షరాలు కళ్ల ముందు పెద్దవయ్యాయి.

"వంటమేస్త్రి పోలిక మాత్రం నాకు నచ్చిందయ్యా. ఎటొచ్చీ, ఆయన జేబు తడిమి చూడలేదు నువ్వు. చీటీ ఉంది. 20 లక్షల మంది జేబుల్లోనూ తలో చీటీ. పోనీ దాని మీద ఫోన్ నంబరైనా ఉందా అంటే, లేదు. నంబరు ఏ గోడ మీద రాసుందో ఆ గోడ అడ్రసు ఉంది."

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"నాది ఒకటే గోడ. నువ్వు ఏడు కట్టావు."