రన్‌టైమ్ బావ

ఏ సంగతైనా ముందే తేలిపోతే మా బావకు నిద్రపట్టదు. హైదరాబాదులో సీనియర్ డెవలపరు. సీషార్ప్ ఆయన జీవనాధారం, టైపుల సంగతి ప్రోగ్రాం నడుస్తుండగా తేల్చుకునే రిఫ్లెక్షన్ ఆయన వ్యసనం. ఇలాంటి బావ ఆఫీసుకొకరైనా ఉంటారు.

జాబితాలో ఉండేది విద్యార్థులేనని మిగతావాళ్లు కోడులోనే రాసేసుకుంటారు. బావ రాయడు. లోపల ఏముంటుందో తేల్చని లిస్ట్ టైపును పట్టుకుని, ప్రోగ్రాం నడుస్తుండగా మేక్‌జెనెరిక్‌టైప్‌తో దానికి విద్యార్థిని అంటగడతాడు. యాక్టివేటర్‌తో ఆబ్జెక్టును పుట్టిస్తాడు. గెట్‌మెథడ్‌కు 'యాడ్' అని పేరు రాసిచ్చి, దొరికినదాన్ని ఇన్వోక్ చేస్తాడు. ఇంతా చేసి ఆయన సాధించింది, జాబితాలో ఒక పేరు చేర్చడం.

"ఒక్క లైన్‌తో పోయేదానికి ఇంత తిప్పలెందుకన్నా?" అని జూనియర్లు అడిగితే, "రేపు విద్యార్థి బదులు ఇంకేదన్నా వస్తే?" అంటాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

వచ్చేవల్లా తిప్పలే. పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ కిక్కురుమనదు. గెట్‌మెథడ్ చల్లగా నల్ చేతిలో పెడుతుంది, అర్ధరాత్రి కస్టమర్ దగ్గర పేలుతుంది. మెథడ్ లోపలే తప్పు జరిగితే అసలు ఎక్సెప్షన్ నేరుగా బయటపడదు, టార్గెట్‌ఇన్వొకేషన్‌ఎక్సెప్షన్ ముసుగేసుకుని వస్తుంది. ఇన్నర్‌ఎక్సెప్షన్ విప్పి చూడాలి. బావ ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చి "ఏదో అయింది" అన్నప్పుడు మా అక్క చేసే పనీ అదే.

రిఫ్లెక్షన్‌ను తిట్టి లాభం లేదు. ఎవరో రాసిన ప్లగిన్‌ను తగిలించుకునేటప్పుడో, జేసన్‌ను ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ రాసేటప్పుడో టైపు ముందుగా తెలియదు. తెలివైనవాళ్లు పుట్టించడం వరకే దాన్ని వాడుకుని, చేతికొచ్చినదాన్ని ఐలిస్ట్ ఇంటర్‌ఫేస్‌గా పట్టుకుని నేరుగా యాడ్‌ను పిలుస్తారు. బావకు అది చిన్నతనం.

మొన్న ఆదివారం రామప్ప గుడి చూద్దామని పాలంపేట బయల్దేరాం. "ఏం వండాలె?" అని అక్క ముందురోజే అడిగింది.

"పెద్ద డబ్బా పట్టుకో. అండ్ల ఏం ఉండాల్నో ఆడికి పోయినంక చెప్త."

గుడిలో గైడు మంచి ఊపుమీదున్నాడు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, పునాది కింద ఇసుక పోశారని, శిఖరం బరువు తగ్గించడానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందని చెప్పుకొస్తున్నాడు. మేమంతా మదనికల నగిషీ చూస్తుంటే, బావ శిఖరం వైపు చెయ్యెత్తాడు.

"రేపు దానిమీద ఇంకేదన్నా పెట్టాల్నంటే?"

గైడు కాసేపు ఆయన్నే చూశాడు. "ఎనిమిది వందల ఏండ్లల్ల ఎవ్వలూ అడగలే సార్."

రామప్ప చెరువు గట్టుమీద కూర్చున్నాక బావ ఆజ్ఞ వెలువడింది: "పులిహోర పెట్టు."

అక్క మూత తీసి చూపించింది. డబ్బా తళతళలాడుతోంది. టైపు ఖరారు చేయని లిస్ట్ మీద మెథడ్‌ను పిలిస్తే డాట్‌నెట్ ఇన్వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ విసురుతుంది. అక్క అదే సంగతి విడమరచి చెప్పింది. "పొయ్యి ఇంట్ల ఉండె. ఇప్పుడు చెప్తే చెర్వుల వండాల్నా?"

ఆకలికి తాళలేక దారిలో హోటల్ దగ్గర ఆగాం. కుర్రాడు మంచినీళ్లు పెట్టి, "ఏం కావాలె సార్?" అన్నాడు.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "ముందుగాల ప్లేట్లు పెట్టు."