హార్సుపవరు పద్యానికి ధూమదీపిక

మూలము

డబ్బి చెప్పు కల్ల గొబ్బున నమ్మును
యంత్రబుద్ధి, చమురు నంత పోసి
పొగయు నప్పు మిగులు బొలెరోకు చివరికి;
అయిజవాసి! యిదియె హార్సుపవరు.

అవతారిక

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. నానా దేశాల పండితులు వచ్చి, సభలో వాదించి, సన్మానం పుచ్చుకుని పోయేవారు. రాజులు పోయారు, సభలు పోయాయి, వాదం మాత్రం పోలేదు. ఆ గద్వాలకు పొరుగున ఉన్న మా అయిజలో ఇప్పుడు శాస్త్రచర్చ మెకానిక్ షెడ్డులో జరుగుతుంది. టర్బో ఉన్న పికప్ బండికి చిప్పు వేయించవచ్చునా, వేయిస్తే ఏ చిప్పు అనేది నేటి వివాదాంశం. పై ఆటవెలది ఆ చర్చల సారం. కర్త నేనే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం లోకంలో కొత్త కాదు కనుక క్షమించగలరు. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. నాకు బొలెరో దొరికింది.

ఈ మంత్రానికి ఋషి రుడాల్ఫ్ డీజిల్, 1892లో పేటెంటు కోసం అర్జీ పెట్టుకున్నవాడు. దేవత టర్బో. పోయే పొగతోనే చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని ఇంజనులోకి కుక్కే ఉపాయాన్ని 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి దర్శించాడు. ఛందస్సు చెప్పాం. బీజం రెండున్నర లీటర్ల ఇంజను. కీలకం స్కానరు. పత్తి బస్తాలు రాయచూరుకు, ఉల్లి కర్నూలుకు, ఎడ్లు బండలాగుడు పందేలకు చేర్చడంలో వినియోగం.

ప్రతిపదార్థము

డబ్బి = ఇంజను కంప్యూటరుకూ దాని సెన్సరుకూ నడుమ దూర్చెడి అరచేతంత పెట్టె, లోకులు చిప్పు అనునది; చెప్పు = పలికెడి; కల్ల = అబద్ధమును; యంత్రబుద్ధి = ఈసీయూ అనబడు ఇంజను మెదడు; గొబ్బునన్ = వెనకా ముందూ చూడక; నమ్మును = విశ్వసించును; చమురున్ = డీజిలును; అంత = ఆ అబద్ధమునకు సరిపడినంత; పోసి = సిలిండరులో కుమ్మరించి; చివరికి = క్లచ్ ప్లేట్లు మార్పించు దినమునకు; బొలెరోకు = ఆ పేరుగల బండికిని, ఉపలక్షణమున దాని ఓనరుకును; పొగయున్ = నల్లనిదియు; అప్పు = ఫైనాన్సు వాని పుస్తకమునందు నిలిచినదియు; మిగులు = శేషించును; అయిజవాసి = ఓ అయిజ నివాసీ; ఇదియె హార్సుపవరు = నీవు కొన్న గుర్రములు ఇవియే.

తాత్పర్యము

డబ్బి అబద్ధం చెబుతుంది, ఇంజను నమ్ముతుంది, ఓనరు కడతాడు.

వ్యాఖ్య

"డబ్బి చెప్పు కల్ల" అన్నాడు కవి. ఇది తిట్టు కాదు, యథార్థ వర్ణన. కామన్ రైల్ ఇంజనులో డీజిలు మొదట ఒక ఉక్కు గొట్టంలో నిలుస్తుంది. అక్కడ దాని ఒత్తిడి వెయ్యి బార్లు దాటి పోతుంది. ఎంత ఉందో కొలిచే సెన్సరు ఆ గొట్టానికే బిగించి ఉంటుంది, అది కొద్ది ఓల్టుల భాషలో ఈసీయూకు కబురు పంపుతుంది. కొనే డబ్బి ఈ దారి మధ్యలో సాకెట్లు వేసుకుని కూర్చుంటుంది. ఉదాహరణకు గొట్టంలో 1,400 బార్లు ఉంటే "1,250 ఉంది సారూ" అని చెబుతుంది. సారు కంగారుపడి పంపును ఇంకొంచెం తొక్కమంటాడు. ఇంజెక్టరు తెరుచుకునే సమయం అంతే, ఒత్తిడి మాత్రం ఎక్కువ, కనుక డీజిలు ఎక్కువ పడుతుంది. లోపల గాలి మిగిలి ఉంటే అది కాలి బలమవుతుంది. మిగిలి లేకపోతే నల్ల పొగ.

రాయబారి అబద్ధమాడితే యుద్ధం వస్తుందని పురాణాలు చదివిన ప్రతివాడికీ తెలుసు. ఇక్కడి చిక్కు అంతకంటే సూక్ష్మం. రాజు ఆ అబద్ధం మీద ఆధారపడే తక్కిన జాగ్రత్తలన్నీ తీసుకుంటాడు. ఒత్తిడి హద్దు మీరితే ఇంజనును తగ్గించేది ఈసీయూనే. ఆ హద్దు మీరిందన్న సంగతి దానికి చెప్పేవాడు లేడు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు, దాన్ని తిప్పే పొగ ఎంత కాగుతున్నదో చాలా లోడు బండ్ల డ్యాష్‌బోర్డు మీద ముల్లే ఉండదు. మా నడిగడ్డ సీమ ఎండలో, మే నెల మధ్యాహ్నం, ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే ఎక్కాక ఈ రాయబారం ఎట్లా సాగుతుందో ఊహించుకోండి.

"డబ్బి" బదులు "పంపు" అని పాఠాంతరం. ప్రాసయతి చెడుతుంది కాబట్టి త్యాజ్యమని ఒక్క మాటతో కొట్టేయవచ్చు గానీ, ఆ పాఠం వెనుక చరిత్ర ఉంది. కంప్యూటరు లేని పాత డీఐ బండ్లకు చిప్పు వేయడమే కుదరదు. అబద్ధం చెప్పడానికి అవతల మెదడు ఉండాలి కదా. వాటికి మెకానిక్ పంపు మీది స్క్రూ తిప్పి డీజిలు పెంచేవాడు. స్క్రూ తిప్పిన బండి ఊరి పొలిమేర దాటకముందే పొగ పోలికతో తెలిసిపోయేది. పాత బండ్లలో అది నిజాయితీగా చేసిన తప్పు.

పూర్వపక్షం

ఇక పూర్వపక్షులు. మొదటివాడు ఆన్‌లైన్లో కొన్ని వందలకు దొరికే ప్లగ్గును స్టీరింగు కింద ఓబీడీ సాకెట్లో గుచ్చి, "మైలేజీ పెరిగింది" అంటాడు. ఆ జాతి ప్లగ్గులను విప్పి చూసినవాళ్లకు లోపల మిణుకుమిణుకుమనే లైట్లు, వాటిని మిణికించే చిన్న చిప్పు కనిపించాయి. బండి కంప్యూటరుతో మాట్లాడే భాగమే లేదు. ఇది అబద్ధం చెప్పే శక్తి కూడా లేని డబ్బి. పద్యంలో దీనికి చోటు లేదు, దేవుడి పటం ముందు పెట్టే సీరియల్ బల్బులకు బదులు వాడుకోవచ్చు.

రెండోవాడు పెడల్ బాక్సు భక్తుడు. అది యాక్సిలరేటరు సంకేతాన్ని మారుస్తుంది. పావు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజనుకు తోస్తుంది. "పికప్ వచ్చింది" అని అందరూ అనేది దీన్నే. గుర్రం ఒక్కటీ పెరగదు. ఉన్న గుర్రాలే తొందరపడతాయి. ట్రాఫిక్కులో హుషారుగా ఉంటుంది, అంతే.

మూడోవాడు వివేకి. రీమ్యాప్ అంటాడు. ఇందులో మధ్య రాయబారి ఉండడు. ఈసీయూలోని ఫైలునే చదివి, ఎంత గాలికి ఎంత డీజిలు, ఏ వేడికి ఎంత తగ్గింపు అనే పట్టికలను మార్చి మళ్లీ రాస్తారు. చేసినవాడు తెలిసినవాడైతే హద్దులను ఉంచి మధ్యలో ఖాళీని వాడుకుంటాడు. తెలియనివాడైతే హద్దులనే చెరిపేస్తాడు. బయటికి రెండు బండ్లూ ఒకేలా కనిపిస్తాయి, కొన్ని నెలల దాకా.

టర్బో డీజిలుకు బలం ఇరవై ముప్పై శాతం పెరుగుతుందని అమ్మేవారి మాట. పెరగదని నేననను. కానీ చేయి పైకెత్తి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఎక్కడ పెరుగుతుంది? దీనికి మా నడిగడ్డలో దృష్టాంతం సిద్ధంగా ఉంది. రాజోలిబండ కాలువ ఆయకట్టు కాగితం మీద 87,500 ఎకరాలు, వాటా 15.9 టీఎంసీలు. చివరి ఆయకట్టు రైతును అడిగితే వేరే లెక్క చెబుతాడు. అట్లాగే అట్ట మీద అచ్చు వేసిన హార్సుపవరు ఇంజను దగ్గరిది. గేర్‌బాక్సు, షాఫ్టు, డిఫరెన్షియలు తాగగా చక్రం దగ్గర ఎంత మిగిలిందో బలం కొలిచే డైనో యంత్రం మీద ఎక్కించి చూపితేనే అది పెరిగినట్టు.

సరే, చక్రం దగ్గరా పెరిగిందనుకుందాం. మా బండ్లకు బలం కావలసింది ఎప్పుడు? వానపడ్డ నల్లరేగడిలో, విత్తనపత్తి చేను గట్టు నుంచి బస్తాలు ఎక్కించుకుని రోడ్డెక్కేటప్పుడు. అప్పుడు ఇంజను వెయ్యి, పదిహేను వందల చుట్ల మధ్య మూలుగుతుంటుంది. టర్బో ఇంకా నిద్ర లేవదు, గాలి అందదు. గాలి లేనిచోట డీజిలు పెంచితే వచ్చేది పద్యం మూడో పాదంలో మొదటి పదం. పైగా వెనక చక్రాలకే బలం పోయే బండిలో ఆ కాస్త అదనపు తిప్పుడు టైరును రేగడిలోకి ఇంకో జానెడు దింపుతుంది. అట్లా దిగిన బండిని ట్రాక్టరుతో లాగించుకోవడమే లోకాచారం.

"యంత్రబుద్ధి" మీద ఒక చిన్న విశేషం. బుద్ధి ఉన్న యంత్రం ఈమధ్య మరీ తెలివి మీరింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. డబ్బి చెప్పిన అబద్ధానికి పుట్టిన మసి అంతా అక్కడే పేరుకుంటుంది. జల్లెడ నిండితే దీపం వెలుగుతుంది, ఆ తర్వాత బండి తనను తానే కుంటిదాన్ని చేసుకుంటుంది. పది గుర్రాలు పెంచబోతే ఉన్నవాటిలో సగం పోతాయి. ఈ ఘట్టంలో కొందరు ఆ జల్లెడనే పీకించేస్తారు. అది రోగానికి మందు కాదు, సాక్షిని మాయం చేయడం. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఆ కథ మళ్లీ మొదలవుతుంది.

ధర్మశాస్త్ర విచారం క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. తర్వాత వచ్చిన 182ఎ సెక్షను కింద అలాంటి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్సు సర్వేయరు బానెట్ ఎత్తితే కనబడే మొదటి వస్తువు ఆ డబ్బి కాకూడదని కోరుకోవాలి. వారంటీ సంగతి సరేసరి.

సిద్ధాంతం

షెడ్డులో నేను విన్న సంభాషణే దీనికి ప్రమాణం. కుర్ర డ్రైవరు అడిగాడు: "అన్నా, బండి గుంజుతలేదు. చిప్పేపిస్తే గుంజుతదంట గదా?" మెకానిక్ తల ఎత్తకుండా, "గుర్రాలు తర్వాత కొందువు గాని తమ్మీ, ముందుగాల ఆ ఫిల్టరు ఇప్పు" అన్నాడు. విప్పారు. కాగితం మడతల నిండా పత్తి నూగు, దాని మీద రేగడి దుమ్ము. టైరుకేసి రెండుసార్లు కొట్టగానే కుప్పపడింది. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు పోయే రబ్బరు పైపును వేలితో నొక్కాడు. మడత దగ్గర సన్నని చీలిక, చుట్టూ నూనె మెరుపు. టర్బో కుక్కిన గాలి అంతా అక్కడి నుంచే బయటికి పోతోంది. ఆ బండి లాగకపోవడానికి చిప్పు లేకపోవడం కారణం కాదు. దానికి ఊపిరి అందడం లేదు. ఊపిరాడనివాడి నోట్లో ఇంకా అన్నం కూరడమే డబ్బి చేసే పని. పైపు మార్చి, క్లిప్పు బిగించి, కొత్త ఫిల్టరు వేశారు. కుర్రవాడు ఒక రౌండు కొట్టి వచ్చి చిప్పు ఊసెత్తలేదు.

ఒక మాట పక్కనుంచి. 1.7 టన్నులని బండి మీదే రాసి ఉన్న పికప్పులో రెండున్నర టన్నులు వేసి, "లాగడం లేదు" అనడం ఇంజను మీద నేరారోపణ కాదు, ఒప్పుకోలు. చిప్పు ఇంజనుకు ఏమైనా చెబుతుందేమో గాని, బ్రేకులకు ఏమీ చెప్పదు. బీచుపల్లి వంతెన దగ్గర ముందు లారీ ఆగినప్పుడు అవసరపడేవి బ్రేకులే. ఓవర్‌లోడుకు జరిమానా ఇరవై వేలు, పైన టన్నుకు రెండు వేలు.

అయితే చిప్పు ఎవరికీ వద్దా? అట్లా అనడం మొండితనం. ఒక సీడ్ ఆర్గనైజరు ఉన్నాడనుకోండి. శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ కొన్నాడు, 1.9 లీటర్ల ఇంజను, 163 హార్సుపవరు, 360 న్యూటన్ మీటర్ల టార్కు. వెనక ఉండేది రెండు సంచుల విత్తనాలు, ఒక కూలర్. చేలకూ హైదరాబాదుకూ తిరుగుతాడు, వారంటీ అయిపోయింది, డబ్బుంది, సరదా ఉంది. ఆయన డబ్బీల జోలికి పోకుండా రీమ్యాప్ చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. చట్టం సంగతి ఆయన, ఆయన లాయరు చూసుకుంటారు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వారి డీజిల్‌ట్రానిక్ లాంటి పేరున్న డబ్బీలు, జర్మనీ రేస్‌చిప్‌లు ఉన్నాయి, నాణ్యంగానే చేస్తారు. వాటికి ఒక సుగుణం, సాకెట్ తీసేస్తే బండి మళ్లీ పాత బండి. కానీ పని చేసే పద్ధతి పద్యం మొదటి పాదమే. బాగా చెప్పిన అబద్ధం, అంతే.

కనుక తీర్పు: పత్తి, మిర్చి, ఎడ్లు మోసే బొలెరోకు ఏ డబ్బీ వద్దు. ఫిల్టరు, ఇంటర్‌కూలరు పైపు, పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్‌లోని మసి, ఇంజెక్టర్లు, టైర్ల గాలి, ఈ వరుసలో చూపించండి. అప్పటికీ లాగకపోతే లోడు తగ్గించండి. సరదా బండికి రీమ్యాప్ చేయించేవారు ఒకే రోజు, ఒకే డైనో మీద ముందు ఒక గ్రాఫు, తర్వాత ఒక గ్రాఫు తీయించుకుని, రెండూ చేతిలో పెట్టాకే డబ్బు ఇవ్వండి. కంపెనీ పాత ఫైలును పెన్‌డ్రైవులో వేయించుకోకుండా మాత్రం ఆ షెడ్డు గడప దాటకండి.