తీతువు మీద విసిరిన రాయి

పలకల క్వారీ తుక్కు దిబ్బ మీద ఒక పిట్టను రాయి పెట్టి కొట్టాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గు. నేను ఇరవై రెండేళ్ళుగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్తున్నవాణ్ణి. గూళ్ళు, గుడ్లు, పొదగడం, శత్రువుల నుంచి పిల్లల్ని కాపాడుకోవడం, అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పినవాణ్ణి.

నడక మొదలుపెట్టింది ఒంటి కోసం. నలభై తొమ్మిదో ఏట పరగడుపున షుగర్ చూస్తే 196 వచ్చింది. రోజూ చెమట పట్టేలా నడవమన్నారు డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. నాకది చాలదనిపించింది. చేతికి గడియారం ఒకటి కొనుక్కుని రోజుకు పదివేల అడుగులని పంతం పట్టాను. ఆ పదివేల లెక్క వైద్య పరిశోధనలో తేలింది కాదనీ, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్ముతూ దానికి పెట్టిన పేరనీ చాలా తర్వాత చదివాను. తెలియక దాన్ని వ్రతంలా పాటించాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు మణికట్టు మీద.

మా మార్కాపురం చుట్టూ పలకరాయి నేల. తెలుగునాట ఎన్నో తరాలు అ ఆలు దిద్దిన పలకలు ఇక్కడి భూమిలోంచి లేచినవే. తవ్వి తీసిన రాయిలో పలకకు పనికొచ్చేది కొంతే, మిగిలిందంతా తుక్కు. బూడిదరంగు, ఊదారంగు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి నడుమ పాత క్వారీ గుంటల్లో వాననీళ్ళు నిలుస్తాయి. ఒడ్డున సర్కారు తుమ్మ. ఆ దిబ్బల మధ్య బండ్లదారి మీద రెండేళ్ళు నడిచాను. ఆ రెండేళ్ళలో ఏం చూశావని ఎవరైనా అడిగి ఉంటే అడుగుల లెక్క తప్ప చెప్పగలిగింది లేదు.

మూడేళ్ళ కిందట ఉగాది పోయిన వారం. మా అమ్మ ఒంగోలు ఆసుపత్రిలో జ్వరంతో పడి ఉంది. రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున దిబ్బ మలుపు తిరిగేసరికి తీతువు లేచింది. తల చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. ఇయర్‌ఫోన్లు దాటుకుని వినిపించింది. చిన్నప్పుడు విన్న మాటలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. తీతువు కూస్తే కీడు, చావు కబురు వస్తుందని మా వీధిలో పెద్దవాళ్ళు గుమ్మంలో ఉప్పు చల్లేవాళ్ళు. నా కాళ్ళు వణికాయి. దారి దిగి, దిబ్బ మీదికి నాలుగడుగులు వేసి, చేతికందిన పలకముక్క విసిరాను. తగల్లేదు. ఇంకోటి విసిరాను. అది ఇంకా దగ్గరికి వచ్చి అరిచింది. మూడోది గురిచూసి విసిరి, వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాను.

తొమ్మిదింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మకు జ్వరం తగ్గింది, ఇడ్లీ తిన్నది, రేపో ఎల్లుండో పంపిస్తారట. సంతోషపడ్డానే గానీ, పొద్దున కూసిన కూతకూ ఈ కబురుకూ పొంతన ఎక్కడని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మంచి జరిగితే ఆ కూత మనకు గుర్తుండదు. చెడు జరిగినప్పుడే లెక్కలోకొస్తుంది. ఇట్లాంటి లెక్క తప్పని పిల్లలకు చెప్పవలసింది నేనే.

మూడో రోజు అదే మలుపులో గొర్రెల కాపరి ఒకాయన ఆపాడు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, పెద్దవాళ్ళ నోట ఆ యాస ఇంకా పోలేదు.

“ఏంది సారూ, అది అంతగా మొత్తుకుంటాంటే ఇనపళ్ళేదా మీకు? ఆడ గుడ్లుండాయి.”

చూపించాడు. గూడంటూ ఏమీ లేదు. తుక్కులో చిన్న గుంట, చుట్టూ గోరంత పలకముక్కలు పేర్చి ఉన్నాయి. రెండు గుడ్లు చితికి ఎండిపోయి, చీమలు పట్టి ఉన్నాయి. పక్కనే పలకపొడిలో నా బూటు అచ్చు. మిగిలిన రెండు గుడ్లు నిన్నటికే లేవన్నాడు, ముంగిస ఎత్తుకుపోయి ఉంటుంది.

“కీడు కూత కదా పెద్దాయనా, అందుకని...” అన్నాను.

“కీడేంది సారూ, పిల్లతల్లి అది. దాని బాధ అది అరుస్తాంది.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దసరానాడు పాలపిట్ట కనబడితే చేతులు జోడిస్తాం. 2018లో రామచిలుకను ఎంచుకునేదాకా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా పాలపిట్టే. తీతువు కూస్తే మాత్రం రాయి తీస్తాం. రెండూ మన చేలల్లో పురుగులు తిని బతికే పిట్టలే. ఒకదానికి దణ్ణం, ఒకదానికి రాయి ఎందుకో ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒకటి తోస్తుంది. తీతువు చెట్టెక్కే పిట్ట కాదు. దాని బతుకంతా నేల మీదే, రాళ్ళ నేల, వాగు ఒడ్డు. రాత్రుళ్ళు కూడా మేలుకుని తిరుగుతుంది. మన ఊళ్ళలో శ్మశానాలుండేదీ వాగు ఒడ్డునే. శవం వెంట వెళ్ళినవాళ్ళు దాని గుడ్ల దగ్గరికి వెళ్ళారు, అది లేచి అరిచింది, దాన్ని వాళ్ళు చావుతో ముడిపెట్టారు. అది చెప్పేది మన సంగతి కాదు. తన గుడ్ల సంగతి.

ఇయర్‌ఫోన్లు ఆరోజే తీసేశాను.

ఒక విడత గుడ్లు పోతే తీతువులు మళ్ళీ పెట్టుకుంటాయి. మే నెలలో అదే దిబ్బకు అవతలి వాలులో నాలుగు గుడ్లు కనిపించాయి. బురదరంగు మీద నల్లటి మచ్చలు. కన్ను పక్కకు తిప్పితే మళ్ళీ వెతుక్కోవలసిందే. ఈసారి యాభై అడుగుల దూరంలో తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. రోహిణి కార్తె. మా ప్రాంతంలో ఆ ఎండకు పలకతుక్కు మీద చెయ్యి పెట్టలేం. పది గంటలకు ఆడదో మగదో, రెండూ ఒకలాగే ఉంటాయి, క్వారీ గుంట దగ్గరికి వెళ్ళి నీళ్ళలో పొట్ట ఆనించి కూర్చుంది. తాగడానికేమో అనుకున్నాను. కాదు. పొట్ట ఈకలు తడుపుకుని గబగబా వచ్చి గుడ్ల మీద కూర్చుంది. తడి ఆరగానే రెండోది వెళ్ళి తడుపుకొచ్చింది. అది వచ్చేదాకా ఇది లేవలేదు. నేలనుంచి వచ్చే సెగకు గుడ్లు ఉడికిపోకుండా అవి అట్లా నీళ్ళు మోస్తున్నాయి. చూస్తుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మార్చిలో నేను బూటుతో తొక్కింది ఇంత కష్టాన్ని. మణికట్టు మీద గడియారం లేచి నడవమని మూడుసార్లు వణికింది. దాన్ని విప్పి జేబులో వేసుకున్నాను.

మృగశిర దాటాక నాలుగు చినుకులు పడ్డాయి. పొదగడానికి ఇంచుమించు 28 రోజులు పడుతుంది. పిల్లలు బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే నడుస్తాయి. తల్లి ఒక్క కూత కూస్తే ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోతాయి. నాకు అడుగు దూరంలో ఒకటి అట్లా పడుకుని ఉంది, దాన్ని కదిలే గుండెతో గుర్తుపట్టాను తప్ప రంగుతో కాదు. ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖ్మల్ చుక్కల్లా ఆరుద్ర పురుగులు లేచాయి. వానల ముందు వచ్చే చాతకం తుమ్మల్లో అరిచింది. గుంట మీదికి వంగిన కొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు మొదలుపెట్టాయి. మగది సగం అల్లి ఆగుతుంది, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం. పాఠంలో ఇవన్నీ ఉన్నాయి. నా ఊరి పక్కన రోజూ జరుగుతున్నాయని మాత్రం తెలియలేదు.

చలికాలం ఆదివారాలు గుంతకల్లు వైపు రైలెక్కి కంభంలో దిగుతాను. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు అది. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేరింది. వానలు లేని ఏళ్ళలో ఎండిపోయే ఆ చెరువు నిండినప్పుడు దూరదేశాల బాతులు దిగుతాయి. కట్ట మీద నడిస్తే గంట ఎట్లా గడిచిందో తెలియదు.

ఒకసారి ఇంకా మంచి గాలి కోసమని దిగువమెట్ట దగ్గర నల్లమల అడవిలోకి పొద్దున్నే ఒంటరిగా బయలుదేరాను. అదీ తప్పే. నల్లమలలో 1983 నుంచి పులుల అభయారణ్యం ఉంది. జంతువుల కోసమే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డును రాత్రి పూట మూసేస్తారు. వాటి ఇంట్లోకి మన షుగర్ తగ్గించుకోడానికి వెళ్ళకూడదు. అటవీ సిబ్బంది వెనక్కి పంపితే ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను.

షుగర్ ఇప్పుడు పరగడుపున 118. అడుగులు లెక్కపెట్టడం మానేశాక ఎక్కువే నడుస్తున్నాను.

ఈ మాటలు రాయడానికి కారణం వేరే ఉంది. పునాదులకూ రోడ్లకూ ఇప్పుడు తుక్కును ట్రాక్టర్లతో ఎత్తుతున్నారు. ఎత్తేది ఎక్కువగా ఎండాకాలం, తీతువు గుడ్లు పెట్టేదీ అప్పుడే. పోయిన ఏడాది ఒక ట్రాక్టరు యజమానిని అడిగితే ఆ మూల వదిలి అవతలి వైపు నుంచి ఎత్తించాడు. నాలుగు గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల తుక్కు ఎత్తే అన్నలకు నా విన్నపం ఒక్కటే. మార్చికీ ఆగస్టుకీ మధ్య మీ తల మీద తీతువు తిరిగి అరిస్తే బండి ఆపండి. కాలి కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి. ఆ మూల ఒక్క నెల వదిలిపెట్టండి.