పికంతేరియా వంటింటి రాయిని

నన్ను బతాన్ అంటారు. పెరూ దేశంలోని అరెకీపా నగరంలో, ఒక పికంతేరియా వంటింట్లో ఉంటాను. మధ్యాహ్నం పూట అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లే పికంతేరియా. తల్లుల దగ్గర వంట నేర్చుకున్న కూతుళ్ళు దాన్ని నడుపుతారు. ఈ ఊరి ఇళ్ళూ గుళ్ళూ సిల్లార్ అనే తెల్లటి అగ్నిపర్వత శిలతో కట్టినవి. ఆ రాయిని సులువుగా చెక్కవచ్చు, కానీ అది నూరడానికి నిలవదు. దానికి నాలాంటి కరుకు రాయే కావాలి.

నా మీద ఇంకో రాయి ఉంటుంది. మీ రుబ్బురోట్లో పొత్రంలా దాన్ని తిప్పరు, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఒరిగిస్తారు. ఎండు మిరప, వేయించిన వేరుశనగ, ఉల్లి, ఘాటైన వకతాయ్ ఆకు కలిసి నా మీద నలిగి ఓకోపా అవుతాయి. ఆ ముద్దను ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పోస్తారు. మీ గుంటూరు మిరప, అనంతపురం వేరుశనగల పూర్వీకులు ఈ అమెరికా ఖండాల నుంచే ఓడలెక్కి వచ్చాయి. పల్లీ పచ్చడి ఎరిగిన నాలుకకు ఓకోపా కొత్తగా అనిపించదు. మిక్సీ కోస్తుంది, నేను నలుపుతాను. మిరపలోని నూనె బయటికి రావాలంటే నలగాలి. ఈ మాట గట్టిగానే చెబుతాను.

మా ఇంట్లో వారాన్ని చారుతో గుర్తుపడతారు. సోమవారం చాకే, మంగళవారం చైరో, ఆదివారం కాల్దో బ్లాంకో. చైరోలో చున్యో వేస్తారు. ఆండీస్ ఎత్తుల్లో రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి, ఎండబెట్టిన బంగాళాదుంప అది. ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది.

అలాంటి ఒక మంగళవారం, మార్చి నెలలో, బడి పంతుళ్ళు గుంపుగా వచ్చారు. ఇక్కడ బడులు తెరిచేది మార్చిలోనే. మా దగ్గర పొడవాటి బల్లలు, వాటికి బెంచీలు. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవలసిందే. ఆ ఏడే చేరిన కుర్ర మాస్టారు బల్ల చివర ఒదిగి కూర్చుని, తన ముందున్న చారు గిన్నెనే చూస్తున్నాడు. పక్కనున్న పెద్ద పంతులమ్మ తన పళ్ళెంలోని రొకోతో రెయెనోను రెండుగా కోసి, ఒక సగం అతని పళ్ళెంలో పెట్టింది.

"తిను బాబూ, ముందు జున్ను తిను, కారం తరవాత తెలుస్తుంది."

రొకోతో అంటే నల్లటి గింజలుండే లావుపాటి మిరపకాయ. గింజలూ ఈనెలూ తీసి, నీళ్ళలో ఉడికించి కారం తగ్గించి, మాంసం కూరి, పైన జున్ను వేసి కాలుస్తారు. ఎంత తగ్గించినా అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ నవ్వలేదు. మొలకెత్తిన నల్ల మొక్కజొన్నతో పులియబెట్టిన చిచా నిండుగా ఉన్న పెద్ద గ్లాసు చేతులు మారి అతని దగ్గరికి వచ్చింది. అది తాగాక అతను తన ఓకోపా పళ్ళెం బల్ల మధ్యకు జరిపాడు. ఆ తర్వాత ఏ పళ్ళెం ఎవరిదో నాకు తెలియలేదు. నేను నూరిన ముద్ద ఇలా పదిమంది ఫోర్కులకు అంటితేనే నా పని పూర్తయినట్టు నాకు అనిపిస్తుంది.

2014లో పెరూ ప్రభుత్వం అరెకీపా పికంతేరియాను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అందులో వంటలకు ఎంత వాటా ఉందో, ఈ బల్లలకూ అంతే ఉందని నా నమ్మకం.

భోజనాలయ్యాక రొయ్యల చారు సంగతి వచ్చింది. మాహెస్, ఒకోన్యా నదుల రొయ్యలతో చేసేది. గుడ్లు పెట్టే కాలమని మార్చి దాకా పట్టనివ్వరు. ఏప్రిల్‌లో అందరం వస్తామన్నారు. ఎంతమందికి వండాలని మా వంటావిడ అడిగింది. పంతులమ్మ వేళ్ళు మడుస్తూ, కుర్ర మాస్టారినీ కలిపే లెక్క చెప్పింది.